ఇరవయ్యొకటి పోయని రోజులు

ఒకటో రోజు

డ్యూటీ లాగ్ ఇంగ్లీషులో రాసేశాను. టెంపరేచర్, కౌంట్, ఏ టైముకి ఏం పోశాం, కింద నా సంతకం. అది ఒడ్డున ఉన్న ఆఫీసుకి వెళ్తుంది. ఇది మాత్రం తెలుగులో, వల దారం చుట్టి వచ్చే అట్టల వెనక రాస్తున్నాను. స్కూల్లో మాకు తెలుగు వారానికి ఒక్క పీరియడే, కాబట్టి చదివేవాళ్ళు క్షమించాలి. అసలు ఎవరూ చదవకూడదనే కదా అట్టల మీద రాస్తున్నది.

ఈ పొద్దున గాలి తూర్పుకి తిరిగింది. మా ఊరు కట్టుపంట్లు, అంటే నీళ్ళ మీద తేలే నలభై పంట్లని, బల్లపరుపు పడవల్ని, ఇనప తాళ్ళతో ఒకదానికొకటి కట్టేసిన ఊరు. గాలి మారిందంటే ఆ తాళ్ళన్నీ మూలుగుతాయి. ఆ మూలుగు వినగానే పిల్లలున్న ఆడవాళ్ళు పని ఆపి నీళ్ళకేసి చూస్తారు. ఏటా ఈ గాలి వెంట, ఇంకో ఇరవై రోజుల్లో గుల్ల జ్వరం ఊళ్ళోకి దిగుతుంది. పెద్దవాళ్ళని నాలుగు రోజులు వణికిస్తుంది, లేచేవాళ్ళు తక్కువ. పసిపిల్లలకి ఆ నాలుగు రోజులు ఇవ్వదు.

ఈ ఏడు ఊళ్ళో పసిపిల్లలు తొమ్మిది మంది. తొమ్మిదోది మా అక్క కూతురు. పుట్టి పదకొండు రోజులు. ఇంకా పేరు పెట్టలేదు, అందరం "ఏమోయ్" అంటున్నాం.

తొమ్మిది మందికీ కావలసిన మందు పన్నెండో పంటులో, మేం పనిచేసే సీసాల గదిలో తయారవుతుంది. ఆ గదికి పెద్ద, వీరవేణి అత్త. నాకు చుట్టం కాదు, ఊరందరికీ అత్తే. నేను హెల్పర్ని. స్కూలయ్యాక రోజూ మూడు గంటలు.

ఈ పొద్దున అత్త నన్ను కూర్చోబెట్టి, ఏడాదికోసారి చెప్పే పాఠం మళ్ళీ చెప్పింది.

"జొరం వచ్చి బతికిన మనిషి రగతంలో కొన్ని కణాలు ఆ జొరాన్ని గుర్తెట్టుకుని ఉంటాయి. వాటినేవంటారే మీ బళ్ళో?"

"బి సెల్స్, అత్తా."

"ఆఁ. ఆ బీలకి ఆ జొరం ఎలాటిదో తెలుసు గాని, ఏం చెయ్యాలో వాటంతట వాటికి తోచదు. ఎవరో ఒకరు కబురెట్టాలి. ఒంట్లో అయితే ఒళ్ళే పంపుద్ది ఆ కబుర్లు. సీసాలో అయితే మనవే పంపాలి. చెప్పు, ఎన్ని కబుర్లు?"

"మూడు. నాలుగు, ఇరవయ్యొకటి, ఆరు."

"ఎవరు ఏం చేత్తారు?"

"నాలుగు పెంచుద్ది, ఇరవయ్యొకటి పనిలో పెడద్ది, ఆరు ఊపిరి నిలబెడద్ది."

కబురంటే ప్రొటీన్. స్కూలు పుస్తకంలో వాటికి చాంతాడంత ఇంగ్లీషు పేర్లుంటాయి. సీసాల గదిలో వాటి నంబర్లు చాలు.

మొన్నటి తుఫానుకి ఐసు పెట్టె రెండు రోజులు ఆగిపోయింది. లోపల దాచిన ముప్ఫై ఒక్క సీసాల విత్తనం, అంటే జ్వరం వచ్చి బతికినవాళ్ళు ఇచ్చిన రక్తంలోని ఆ కణాలు, కరిగిపోయింది. అన్నిటినీ వెచ్చటి పెట్టెలో పెట్టి చూస్తే ప్రాణంతో లేచింది ఒక్క పదిహేడో నంబరే. ఈ ఏడు తొమ్మిది మందికీ అదే దిక్కు.

సీసాల మీద పేర్లుండవు. సొంతవాళ్ళ సీసా ముట్టకూడదని ఇక్కడి రూలు. అందుకే నంబర్లు. ఏ నంబరు ఎవరిదో అత్త దగ్గరున్న పుస్తకానికే తెలుసు. కానీ రక్తం ఇచ్చిన మనిషి తన చేత్తో సీసా మెడకి ఒక దారం కట్టాలి. ఇష్టపడి ఇచ్చాను అని దాని అర్థం. చాలామంది మామూలు ముడే వేస్తారు.

పదిహేడో సీసా మెడకి ఉన్నది మామూలు ముడి కాదు. దారం రెండుసార్లు తిప్పి, కొస లోపలికి దోపి, గోటితో బిగించిన ముడి. వలలు బాగుచేసే మా అమ్మమ్మ వేసేది. ఇంకెవరికీ రాదు, నాకు తప్ప. అమ్మమ్మ పోయిన వానాకాలంలో దగ్గుతో చనిపోయింది.

అత్తకి చెప్పాలి. చెప్తే నన్ను ఈ సీసా ముట్టనివ్వరు.

చెప్పలేదు.

నాలుగో రోజు

నాలుగో నంబరు పోసి మూడు రోజులు. మైక్రోస్కోప్‌లో చూస్తే మొదటి రోజు ఒంటరిగా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న కణాలు ఇప్పుడు గుంపులు గుంపులుగా చేరాయి, పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళు ఒకే చాప మీద ఇరుక్కుని కూర్చున్నట్టు. ఒక కణం నడుం సన్నబడి, రెండుగా విడిపోవడం నా కళ్ళతో చూశాను. అమ్మమ్మ బతికున్నప్పుడు కూడా ఇంత హుషారుగా లేదు.

జావ మార్చేటప్పుడు మెల్లగా మాట్లాడుతున్నాను. జావ అంటే కణాలు తినే లేత గులాబీ రంగు నీళ్ళు. ఇవాళ ఇంట్లో సంగతులన్నీ చెప్పాను.

వెనక నుంచి అత్త: "ఏటే లోవా, ఎవరితో కబుర్లు?"

"పాఠం చదువుకుంటున్నానత్తా. ఎగ్జామ్ ఉంది."

"ఇంగ్లీషు పాఠంలో 'నాన్న చేపల పులుసు మాడ్చేశాడు' అని ఉంటదేటే?"

"అది... ట్రాన్స్‌లేషన్ అత్తా."

"ఆహా. మీ బళ్ళో బాగానే నేర్పుతున్నారు."

అత్త నవ్వితే పొట్ట మీది తాళాలగుత్తి కూడా నవ్వుతుంది. నేను గబగబా సీసా మూత పెట్టేశాను.

తొమ్మిదో రోజు

అత్త కళ్ళలో శుక్లాలు ముదిరాయి. కౌంటు చదవలేకపోతోంది, చుక్కలు కొలిచే గొట్టం మీద గీతలు కనపడవు. అన్నీ నేనే చదివి చెప్తున్నాను. ఇవాళ కౌంటు చెప్తే చప్పట్లు కొట్టింది.

"ఎంతేంటీ? మళ్ళీ చెప్పు! అమ్మ బాబోయ్, పొంగిపోతందే ఇది. మహా గట్టి మనిషి."

గట్టి మనిషే అని నాకు నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"పన్నెండో రోజు ఇరవయ్యొకటి పోసేద్దాం" అంది అత్త.

"పోస్తే ఏం జరుగుద్ది అత్తా? సరిగ్గా చెప్పు."

"పెరగడం ఆపేత్తాయి. ఒక్కోటీ ఉబ్బి, లోపలంతా ఫ్యాక్టరీ అయిపోద్ది. సెకనుకి వేల యాంటీబాడీలు కక్కుద్ది. ఆ యాంటీబాడీలే మనం పిల్లలకి ఎక్కించే మందు. తర్వాత ఆరు పోసి నాలుగు రోజులు నిలబెడతాం."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏవుంది? అయిపోతాయి."

"చచ్చిపోతాయా?"

అత్త చేతిలో పని ఆపింది. "పనిచేసి పోతాయే. మనం మాత్రం ఉండిపోతావేటి?"

ఇంటికొచ్చాక అక్క "ఏమోయ్"ని నా ఒళ్ళో పెట్టింది. దాని పిడికిలి నా చిటికెన వేలంత. అమ్మమ్మ దీన్ని చూడకుండానే పోయింది. చూసుంటే "దీని ముక్కు చూడవే, అచ్చం నీదే, ఇంగ్లీషు మాట్లాడడానికే పుట్టింది" అనేది.

పన్నెండో రోజు

చేతిలో ఇరవయ్యొకటో నంబరు చిన్న బుడ్డి. బల్ల మీద పదిహేడో సీసా. అత్త కుర్చీలో కూర్చుని కిటికీకేసి చూస్తోంది. "పోశావా?" అంది.

"పోశానత్తా."

నేను పోసింది నాలుగు.

డ్యూటీ లాగ్‌లో టైము వేసి ఇరవయ్యొకటి అని రాశాను. కింద సంతకం పెట్టాను. ఇప్పటిదాకా నేను చెప్పకుండా దాచిన విషయాలు చాలా ఉన్నాయి గాని, అబద్ధం రాసి సంతకం పెట్టడం ఇదే మొదలు.

రెండే రోజులు. గాలి తిరిగి ఇరవై రోజులు కావాలి కదా జ్వరానికి, ఇంకా టైముంది. రెండు రోజులు ఉండనిచ్చి అప్పుడు పోస్తాను.

పద్నాలుగో రోజు

పోయలేదు.

జావ రంగు మారింది. నిన్న మార్చినదే, ఈ పూటకే గులాబీ పోయి పసుపు తిరిగింది. సీసా కిక్కిరిసిపోయిందన్నమాట. తిండి తక్కువై, మిగిలినదంతా పులిసిపోతోంది.

అత్త సీసా ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుంది.

"ఇదేంటే, పచ్చగా కనపడతంది?"

నేను ఏమీ అనలేదు. ఒక్క క్షణం అంతే. ఆ క్షణంలో అత్తే జవాబు చెప్పేసుకుంది.

"నా కంటికి అన్నీ పసుపే అయిపోతన్నాయే లోవా. నిన్న అన్నం కూడా పులిహోరలా కనపడింది." నవ్వింది. కానీ సీసాని చాలా జాగ్రత్తగా, కళ్ళు కనపడనిదానిలా తడుముతూ బల్ల మీద పెట్టింది. "ఈ ఏడుతో సరి. వచ్చే ఏడు ఇంకెవర్నైనా చూసుకోమని ఆఫీసుకి చెప్తా. రంగు తెలీని దానికి సీసాల గదెందుకు?"

పాతికేళ్ళుగా ఈ గదిలో ఉంది అత్త. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆవిడకి గీతలు కనపడవు గాని రంగు సరిగ్గానే కనపడింది, అది నిజంగానే పసుపు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

"పట్టీ ఎలా ఉందే?" అంది.

టెస్టు పట్టీ మీద ఒక గీత వస్తే మందు లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. ఒక్కటే ఉంది.

"రెండోది లైట్‌గా వస్తోందత్తా" అన్నాను.

పదిహేనో రోజు

ఇరవై ఆరో పంటులో జ్వరం. ఐదు రోజుల ముందే.

స్కూలుకి వెళ్ళకుండా సీసాల గదికి పరిగెత్తాను. మైక్రోస్కోప్‌లో చూశాను. గుంపులు విడిపోయాయి. సగానికి సగం ముడుచుకుపోయి, నల్లగా, కదలకుండా పడి ఉన్నాయి. అమ్మమ్మని ఉంచుకుందామనుకుని నేనే ఆకలికి మాడ్చేశాను.

అత్త వచ్చేసరికి నేను కింద కూర్చుని ఉన్నాను.

"ఏటే? ఎందుకేడుస్తన్నావ్?"

"పోయలేదత్తా."

"ఏది పోయలేదు?"

"ఇరవయ్యొకటి. నాలుగే పోస్తూ వచ్చాను. మందు ఒక్క చుక్క లేదు. పట్టీ మీద ఒక్కటే గీత. అది అమ్మమ్మది అత్తా. ముడి చూసి నాకు మొదటి రోజే తెలుసు. పోస్తే చచ్చిపోద్ది కదా అని..."

అత్త గోడ పట్టుకుని నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను.

చివరికి అడిగింది. "అయితే ఆ పసుపు?"

"పసుపే అత్తా. నీకు బాగానే కనపడింది."

"దొంగ ముండా!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్నట్నించీ గుడ్డిదాన్నైపోయానని కుమిలిపోతన్నానే. నిన్న ఒడ్డుకి కబురు కూడా పంపేశా, నేను పనికిరానని."

నా పక్కనే కూలబడింది. చీర కొంగుతో ముందు నా ముక్కు తుడిచి, తర్వాత తన ముక్కు తుడుచుకుంది.

"తప్పు నాది కూడానే. ఆ సీసా నూకరత్నంగారిదని పుస్తకంలో చూశా. మనవరాలి చేత ముట్టించకూడదని తెలుసు. కళ్ళున్నది నీ ఒక్కదానికే, ఏం చెయ్యను? నంబరే కదా, తెలీదులే అనుకున్నా. ముడి సంగతి నాకేం తెలుసు?" తల కొట్టుకుంది. "అది సరే గాని, నన్ను ఒక్క మాట అడగలేకపోయావే? సీసా మొత్తానికి ఇరవయ్యొకటి ఎవరు పోత్తారే పిచ్చిమొహవా? ఎప్పుడూ ముందు ఒక చెంచాడు పక్కకి తీసి, నాలుగు మీదే ఉంచుతాం; నువ్వు బడిలో ఉండగా నేనే తీసేదాన్ని, ఈసారి నీకు చెప్పడం మర్చిపోయా. విత్తనాలన్నీ వండుకు తినేసే ఊరెక్కడైనా ఉందా? మీ అమ్మమ్మని అలాగే మూడేళ్ళుగా ఉంచుకొత్తన్నాం."

ఒక చెంచాడు. అడిగితే సరిపోయేది.

"ఇప్పుడు తీద్దామా అత్తా, చెంచాడు?"

"కౌంటు చదువు."

చదివాను. అత్త వేళ్ళ మీద లెక్కేసింది. మళ్ళీ వేసింది. తొమ్మిది మంది. ఉన్నదంతా పనిలో పెడితే తొమ్మిది మందికి బొటాబొటిగా వస్తుంది. చెంచాడు తీస్తే ఎనిమిది మందికే.

"తీస్తే ఒక పిల్లకి లేనట్టు" అంది అత్త. "తియ్యకపోతే వచ్చే ఏడు ఎవరికీ లేనట్టు. ఈ జొరం వచ్చి బతికి, రగతం ఇచ్చేవాళ్ళెవరూ ఊళ్ళో మిగల్లేదే; ఆ సీసాలోళ్ళు కొందరు పోయారు, కొందరు ఒడ్డుకెళ్ళిపోయారు. ఇరవై ఆరో పంటు వాడు ఇప్పుడే పడ్డాడు, వాడి కణాలకి గుర్తు పట్టాలంటే నెలలు. బతకాలి కూడా."

అప్పుడు ఇంకో పాత అబద్ధం కూడా ఒప్పేసుకున్నాను. అట్ట మీద కూడా ఇన్నాళ్ళూ రాయనిది.

"నాకు వచ్చిందత్తా. ఏడేళ్ళప్పుడు."

"నీకొచ్చింది తట్టు."

"అమ్మమ్మ తట్టు అని చెప్పింది అందరికీ. గుల్ల జ్వరమే. అప్పుడు నాకు చేస్తూ తనూ పడింది. వచ్చినవాళ్ళు పన్నెండేళ్ళు దాటితే ఏటా రక్తం ఇవ్వాలి కదా. నాకు సూదంటే... సూది చూస్తే పడిపోతాను. అమ్మమ్మ 'నీ వంతు నేనిస్తాలేవే, ఎవరికీ చెప్పకు' అంది."

అత్త నోరు తెరుచుకుని చూసింది. "అందుకా ఆవిడ ఏడాదికి రెండుసార్లు వచ్చేది! ఎందుకమ్మా మళ్ళీ వచ్చావంటే 'నాకు రగతం ఎక్కువైపోయింది, దోమలెలాగూ తాగుతున్నాయి, మీరూ తాగండి' అనేది. డెబ్భై ఏళ్ళ ముసలిది!"

"ఇప్పుడు నాది తీసుకో అత్తా. ఈ తొమ్మిది మందికీ నేరుగా ఇచ్చెయ్ నా రక్తం."

"నేరుగా పనికిరాదే. నీ రగతంలో జొరం జ్ఞాపకం ఉంటది గాని, ఎనిమిదేళ్ళయింది, మందు ఉండదు. దాన్ని లేపి పెంచాలంటే పన్నెండు రోజులు. కానీ విత్తనానికి అవుద్ది." లేచి నిలబడింది. "ఇప్పుడు చెప్పు. అమ్మమ్మ చెంచాడు తియ్యనా, మొత్తం పోత్తావా?"

చచ్చిన కణాలని వేరు చేశాం. కొత్త జావలో మిగిలినవాటిని పెట్టాం. ఇరవయ్యొకటి బుడ్డి మూత నేనే తీశాను. అత్త వెనక నుంచి నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, పనికి వెళ్ళాలి" అన్నాను. పోశాను. చివరి చుక్క దాకా.

పదిహేడో రోజు

"ఏమోయ్"కి ఒళ్ళు కాలుతోంది.

అక్క ఏమీ అనడం లేదు. దాన్ని గుండెకి కరుచుకుని అటూ ఇటూ నడుస్తోంది. నేను పన్నెండో రోజున పోసుంటే ఈ పాటికి సూది వేసేసేవాళ్ళం. అది అక్కకి చెప్పాను. అక్క నడక ఆపింది. నన్ను చూసింది. మళ్ళీ నడిచింది.

పద్దెనిమిదో రోజు

పట్టీ మీద రెండో గీత. మొదట నమ్మలేదు. అత్త కంటికి బాగా దగ్గరగా పట్టి చూపించాను, తన చేత కూడా "ఉంది" అనిపించుకున్నాను. మైక్రోస్కోప్‌లో కణాలు ఉబ్బి ఉన్నాయి, ఒక్కటి కూడా విడిపోవడం లేదు. ఇప్పుడు వాటికి పెరిగే తీరిక లేదు.

ఆరు పోశాం. మొదట దిగిన మందు వడకట్టి అత్త పట్టుకుంది. జ్వరమున్న పిల్లకి ముందు వెయ్యాలి. ఊళ్ళో జ్వరమున్న పిల్ల ఒక్కతే. అత్త తడుముకుంటూ పంటు మీంచి పంటుకి నడిచింది, నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అత్త వేళ్ళతో తడిమి సూది గుచ్చేటప్పుడు నేను పడిపోలేదు. దాని కాలు నేనే పట్టుకున్నాను.

ఇరవయ్యో రోజు

పొద్దున పాలు తాగింది. తాగి, అక్క మీద కక్కి, మళ్ళీ తాగింది. ఒళ్ళు చల్లగా ఉంది. అక్క నన్ను పిలిచి "పట్టుకో, స్నానం చేసొస్తా" అంది. మూడు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట.

మిగిలిన ఎనిమిది మందికీ సూదులు అయ్యాయి.

ఇరవై రెండో రోజు

పదిహేడో సీసాలో ఎవరూ లేరు. జావ లేత గులాబీగానే ఉంది, తినేవాళ్ళు లేరు కాబట్టి. సీసా కడిగాను. దారం మాత్రం విప్పలేదు, మెడ మీంచి అలాగే జార్చి తీశాను. అక్క దాన్ని కూతురి మొలతాడుకి కట్టింది. పేరు కూడా పెట్టేశారు. నూకరత్నం. పాపం, స్కూల్లో దాని స్పెల్లింగ్ నేనే నేర్పాలి.

డ్యూటీ లాగ్ దిద్దాను. ఏ రోజు ఏం పోశానో, ఏం అబద్ధం రాశానో అంతా ఇంగ్లీషులో, కింద సంతకం. ఒడ్డు నుంచి జవాబు వచ్చింది: మూడు నెలలు నేను సీసాల గదిలోకి రాకూడదు. వీరవేణి అత్తని మానొద్దన్నారు. కళ్ళ ఆపరేషనుకి లాంచీ పంపుతున్నారు.

గది తాళం వేసేముందు అత్త నా చెయ్యి చాపమంది. రబ్బరు గొట్టం కట్టింది.

"అటు చూడకు. ఏదైనా ఇంగ్లీషు పాఠం చెప్పు."

"నాకేం గుర్తు రావట్లేదత్తా."

"నాన్న పులుసు మాడ్చేశాడు పాఠం చెప్పవే."

నవ్వేలోపు గుచ్చేసింది. పడిపోయాను. లేచేసరికి అయిపోయింది. కొత్త సీసా, ముప్ఫై రెండో నంబరు. దారం రెండుసార్లు తిప్పి, కొస లోపలికి దోపి, గోటితో బిగించాను.

"ఇంక ఇది నువ్వు ముట్టకూడదు" అంది అత్త.

ఇరవై ఆరో రోజు

సీసాల గది బయట, కిటికీ కింద కూర్చుని రాస్తున్నాను. బయట కూర్చోకూడదని రూలు లేదు. కౌంటు చదవడానికి పదో పంటు టీచరుగారు వస్తున్నారు. ఇప్పుడే వెళ్ళిపోయారు. లోపల అత్త ఒక్కతే ఉంది.

ముప్ఫై రెండో సీసాకి జావ మారుస్తున్న చప్పుడు. తర్వాత అత్త గొంతు, మెల్లగా.

"తిను, తిను. నాలుగు పోశానుగా, బాగా పెరుగు. సిగ్గు పడకు. ఇదిగో లోవా, విన్నావా? ఈ పూట మీ నాన్న పులుసు మళ్ళీ మాడ్చేశాడంట."